మిషన్‌కు పడని ముడి

జాకెట్ మీద ఆవగింజంత ముడి. వేయడానికి పది సెకన్లు చాలు, చేతికి కుదరడానికి మాత్రం వారాలు పడుతుంది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దాదాపు ప్రతి కుట్టునూ అనుకరిస్తున్న ఈ రోజుల్లో ఇంకా చేతికే మిగిలిన పనుల్లో ఇదొకటి. దీన్ని ఎలా నేర్చుకోవాలి? నేర్చుకున్నాక ఏ లెక్కన అమ్ముకోవాలి?

బి.కొత్తకోట బజారులో నడిచినా, మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో నడిచినా లేడీస్ టైలర్ బోర్డుల మీద ఒక వరుస మారదు: ‘ఇచ్చట మగ్గం వర్క్, కంప్యూటర్ వర్క్ చేయబడును’. రెండు పనుల మధ్య ఒక్క కామా. ఆ కామాకు ఇటువైపున్న పనికి చెక్క మగ్గం, దాని మీద బిగించిన గుడ్డ, వంగిన వీపులు, రోజుల తరబడి కూర్చునే ఓపిక కావాలి. అటువైపున్న పనికి డిజైన్ ఫైలు, కరెంటు, రీలు మార్చే మనిషి ఉంటే సరిపోతుంది.

పెళ్లి పందిట్లో నాలుగడుగుల దూరం నుంచి చూస్తే రెండు జాకెట్లూ ఒకటే. అదే నెమలి, అదే తీగ, అవే బుటాలు. దగ్గరికొచ్చి మెడ చుట్టూ వేలితో తడిమితే తేడా తెలుస్తుంది. ఒకదాని మీద పువ్వు నడుమన చిన్న చిన్న గుండ్రని ముడులు విడివిడిగా, గట్టిగా, గుడ్డ మీదికి లేచి తగులుతాయి. రెండోదాని మీద అదే చోట దారం కుప్పపడి గరుకుగా ఉంటుంది కానీ ముడి ఉండదు. మగ్గం పనివాళ్లు దీన్ని ‘నాట్’ అంటారు. బడిలో కుట్టుపని నేర్చుకున్న తరానికి అది ‘ఫ్రెంచ్ నాట్’. ఇంట్లో అమ్మలకు ముడి కుట్టు.

ఇంత చిన్న ముడిని అంత పెద్ద యంత్రం ఎందుకు వేయలేకపోతోంది? అది తెలిస్తే ముడి నేర్చుకోవడమూ సగం తెలిసినట్టే.

సూది మొత్తం దాటాలి

కుట్టుమిషన్ సూదికి కన్ను మొన దగ్గరే ఉంటుంది. సూది గుడ్డలోకి దిగుతుంది, కింద తిరిగే కొక్కెం దాని దారాన్ని అందుకుని బాబిన్ దారంతో మెలేస్తుంది, సూది వచ్చిన దారినే పైకి వెళ్లిపోతుంది. సూది గుడ్డను పూర్తిగా దాటే సందర్భమే రాదు. ఎలియాస్ హోవ్ 1846లో పేటెంట్ తీసుకున్న లాక్‌స్టిచ్ సూత్రం ఇదే. ఈనాడు పది పన్నెండు రంగుల దారాలతో పరిగెత్తే కంప్యూటర్ మిషన్‌ను నడిపేదీ ఇదే.

చేతి ముడికి ఈ పద్ధతి పనికిరాదు. దారాన్ని సూదికి చుట్టాలి. ఆ చుట్టు జారకుండా ఎవరో పట్టుకోవాలి. అలా పట్టుకుని ఉండగానే సూది కొన నుంచి కన్ను దాకా ఆ చుట్టులోంచి దూరి గుడ్డ అవతలికి వెళ్లిపోవాలి. వెనక్కి వచ్చే సూది ఈ పని చేయలేదు.

గుడ్డను పూర్తిగా దాటే సూదితో యంత్రం చేసినవాళ్లు లేకపోలేదు. ఫ్రాన్స్‌లోని మ్యూల్‌హౌస్‌లో జోష్వే హైల్మన్ 1828లో తయారుచేసిన ఎంబ్రాయిడరీ యంత్రంలో సూదికి రెండు వైపులా మొనలు, నడుమన కన్ను ఉండేవి. గుడ్డకు అటూ ఇటూ ఉన్న పట్టకార్లు ఆ సూదిని ఒకదానికొకటి అందించుకునేవి. చేతి కుట్టుకు యంత్రం అంత దగ్గరగా రావడం చిన్న విషయం కాదు. అయినా సూది చుట్టూ దారం తిప్పి, దాన్ని ముడి పడేదాకా బిగపట్టే వేలు అందులో లేదు. తర్వాత 1863లో స్విట్జర్లాండ్‌లో ఐజాక్ గ్రోబ్లీ తెచ్చిన షిఫ్లీ యంత్రం మళ్లీ రెండు దారాల పద్ధతికే వెళ్లింది. వేగం పెరిగింది, ముడి మాత్రం బయటే ఉండిపోయింది.

కంప్యూటర్ మిషన్ చేసేది నకలు. ఒకే చోట గుండ్రంగా కుట్టు మీద కుట్టు పోసి చిన్న దిబ్బ కడుతుంది. అసలుదో నకలుదో తెలియాలంటే లైనింగ్ వేయకముందు గుడ్డను తిరగేసి చూడండి. మిషన్ పని వెనుక బాబిన్ దారం ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది. చేతి పని వెనుక ఒక ముడి నుంచి ఇంకో ముడికి నడిచిన పొట్టి దారాలు, మధ్యలో కొసలు దాచిన జాడలు ఉంటాయి.

పని సూదిది, పట్టు ఎడమ చేతిది

ముడి కుట్టు నేర్పేవాళ్లు మొదట గుడ్డ సంగతి చూస్తారు. రింగులో గానీ మగ్గం మీద గానీ గుడ్డ ఎంత బిగువుగా ఉండాలంటే వేలితో మీటితే మోగాలి. వదులు గుడ్డ మీద ముడి సరిగ్గా నిలవదు. రింగును చేత్తో పట్టుకుంటే ఒక చెయ్యి దానికే సరిపోతుంది. కాబట్టి బల్ల అంచుకు ఆనించడమో, స్టాండుకు తగిలించడమో చేసి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకోవాలి. మగ్గం మీద ఈ బెడద లేదు, చట్రం తన బరువు తానే మోస్తుంది.

తర్వాత దారం. బజారులో దొరికే యాంకర్ నూలు దారం ఒక్కో లడీ 8 మీటర్లు, ఆరు పోగులు. దాన్ని మూర పొడవు ముక్కలుగా తెంపుకోవాలి. మూరకు మించితే గుడ్డలోంచి పదే పదే లాగడంలో దారం నలిగి నూగు లేస్తుంది. మూర అంటే దాదాపు 45 సెంటీమీటర్లు, లడీకి 17 ముక్కలు వస్తాయి. ఆరు పోగుల్ని ఒక్కొక్కటిగా విడదీసి, కావలసిన రెండో మూడో మళ్లీ కలిపి సూదికి ఎక్కించాలి. విడదీసి కలిపిన పోగులు పక్కపక్కన పరుచుకుంటాయి, ముడి నిండుగా వస్తుంది. ఈ ఓపిక లేక ఆరు పోగులూ కలిపి ఎక్కిస్తే ముడి బండగా తేలుతుంది.

ఇక ముడి. గుర్తు పెట్టిన చుక్క దగ్గర సూదిని కింది నుంచి పైకి తెచ్చి దారమంతా లాగేయాలి. గుడ్డకు అంగుళం, రెండంగుళాల పైన ఆ దారాన్ని ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య పట్టుకోవాలి. కుడిచేతిలో సూది కదలకుండా ఉంటుంది. ఎడమ చెయ్యే దారాన్ని సూదికి రెండు చుట్లు చుడుతుంది. దారం చుట్టూ సూదిని తిప్పడం మొదలుపెడితే చుట్లు వదులై పోతాయి. చుట్టాక సూది మొనను, దారం పైకి వచ్చిన రంధ్రానికి ఒకటి రెండు నేత పోగుల అవతల గుచ్చాలి. గుచ్చి అక్కడే ఆగాలి. ఎడమ చేతి దారాన్ని మెల్లగా బిగిస్తే చుట్లు సూది వెంట జారి గుడ్డను ఆనుకుంటాయి. ఆ బిగువు సడలకుండా సూదిని కిందికి తోయాలి. చివరి దారం కూడా దాదాపు లోపలికి వెళ్లిపోయేదాకా ఎడమ చెయ్యి వదలకూడదు.

“పాపా, దారం ఇప్పుడే ఇడిసిపెట్టొద్దు, సూది కిందికి పోయేదాకా పట్టుకో.” మగ్గం పక్కన కూర్చుని నేర్పే అక్కలు పూటకు ఎన్నిసార్లు చెబుతారో ఈ మాట. కొత్తగా నేర్చుకునేవాళ్ల చూపంతా సూది మీదే ఉంటుంది. ముడిని ముడిగా చేసేది రెండో చెయ్యి. అది బిగపట్టాలి, అయితే లాగకూడదు. ఎంతసేపు పట్టాలో, ఏ క్షణాన జారవిడవాలో వేలికి తెలియాలి. ఈ ఒక్క సంగతి కాగితం మీద రాసిస్తే రాదు. ఫోనులో వీడియో చూసి చాలామంది మొదలుపెడతారు, మంచిదే. కానీ చాలా వీడియోల్లో కెమెరా సూది వెంటే తిరుగుతుంది, ఎడమ చెయ్యి అంచున సగం కనబడి మాయమవుతుంది. వీడియోతో నేర్చుకునేవాళ్లు రెండోసారి చూసేటప్పుడు సూదిని వదిలేసి ఆ రెండో చేతిని మాత్రమే చూడాలి.

ముడి ఎక్కడ చెడుతుంది

“అక్కా, నా ముడి లోపలికి పోయింది” అనేది ఇక్కడ అందరి నోటా వచ్చే మొదటి ఫిర్యాదు. దారం వచ్చిన రంధ్రంలోనే సూదిని మళ్లీ గుచ్చితే ముడికి ఆనుకోవడానికి గుడ్డ ఉండదు, చుట్లతో సహా కిందికి జారిపోతుంది. రెండు నేత పోగుల ఎడం ఇస్తే చాలు. పలచని జార్జెట్, నెట్ గుడ్డ మీద ఆ ఎడం కూడా చాలదు. అందుకే వాటి కింద లైనింగ్ గుడ్డ జతచేసి బిగిస్తారు.

ముడి పక్కన దారం ఉచ్చులా మిగిలితే ఎడమ చెయ్యి ముందే వదిలేసిందని అర్థం. ముడి మరీ బిగిసి సూది కదలకపోతే సూదికి పైనే గట్టిగా లాగేశారని అర్థం. చుట్లు సూదిని తాకుతూ ఉండాలి గానీ నొక్కకూడదు. ముడి ఒక పక్కకు ఒరిగితే చుట్లు ఎక్కువయ్యాయన్నమాట. ఒకటి, రెండు చుట్లకే ముడి గుండ్రంగా కూర్చుంటుంది. ఇంకా పెద్ద ముడి కావాలంటే చుట్లు పెంచొద్దు, పోగులు పెంచాలి.

పురి సంగతి చాలామంది పట్టించుకోరు. ప్రతి దారానికీ ఒక పురి ఉంటుంది. చుట్టే దిశను బట్టి ఆ పురి కొద్దిగా బిగుస్తుంది, లేదా విడుతుంది. ఒక పువ్వులో సగం ముడులు ఒక వైపుకూ మిగతావి ఇంకో వైపుకూ చుడితే వెలుతురు పడినప్పుడు రెండు రకాలుగా మెరుస్తాయి. కాబట్టి ఏ వైపు మొదలుపెడితే ఆ వైపే. బ్రెజిలియన్ ఎంబ్రాయిడరీకి వాడే రేయాన్ దారాల పురి మామూలు నూలు దారానికి ఎదురుగా ఉంటుంది, అందుకే ఆ పనిలో చుట్టే దిశ కూడా ఎదురే.

ఒక ముడి నుంచి నాలుగు

గుండ్రని ముడి చేతికి వచ్చాక మిగతా ముడులు దాని చుట్టాలే. అందరూ మోజుపడేది బులియన్ నాట్. ఇందులో సూది ఒక చోట గుడ్డలోకి దిగి, దారం వచ్చిన చోటే సగం పైకి లేస్తుంది. లేచిన సగానికి ఆరో ఏడో పదో చుట్లు చుట్టి, వాటిని బొటనవేలి కింద నొక్కి పట్టుకుని సూదిని లాగేస్తారు. ఆ రెండు రంధ్రాల మధ్య దూరానికి సరిపడా చుట్లు చుడితే ముడి తిన్నగా పడుకుంటుంది. కావాలని రెండు మూడు ఎక్కువ చుడితే వంగుతుంది. ఆ వంకరలను ఒకదాని చుట్టూ ఒకటి పేర్చితే గులాబీ. బులియన్ కుదరక వదిలేసినవాళ్లలో చాలామందిది చేతి లోపం కాదు, సూది లోపం. మామూలు ఎంబ్రాయిడరీ సూదికి కన్ను దగ్గర వెడల్పు ఎక్కువ, చుట్లు అక్కడ ఇరుక్కుంటాయి. మిల్లినర్ సూది లేదా స్ట్రా సూది అని అడిగితే మొన నుంచి కన్ను దాకా దాదాపు ఒకే లావు ఉన్నది ఇస్తారు. సగం కష్టం దాంతోనే పోతుంది.

మూడోది కలోనియల్ నాట్. దారం సూది మీద ఎనిమిది అంకె వేస్తుంది. ఫ్రెంచ్ నాట్ కంటే కాస్త ఎత్తుగా, గట్టిగా నిలుస్తుంది. అమెరికాలో తెల్ల గుడ్డ మీద తెల్ల నూలుతో చేసే క్యాండిల్‌విక్ దుప్పట్లకు ప్రాణం ఇదే. నాలుగోది కోరల్ కుట్టు. గీత వెంట దారం పరుచుకుంటూ, కొంచెం కొంచెం దూరానికి ఒక ముడి వేసుకుంటూ పోవాలి. తీగలకు, ఆకుల అంచులకు బాగుంటుంది. దీన్నే రెండు మెలికలతో వేస్తే పాలెస్ట్రీనా కుట్టు. జాకెట్ చేతుల అంచున ముత్యాల వరుస కుట్టినట్టు కనిపిస్తుంది, నిజానికి అక్కడ ఒక్క పూస కూడా ఉండదు. పూస బరువు లేదు, తెగి రాలిపోయే బాధా లేదు.

లక్నో గింజ, చైనా కథ

పేరులో ఫ్రెంచ్ ఉంది కదా అని ఈ ముడి ఒక్క దేశపు సొత్తు కాదు. మన దేశంలోనే లక్నో చికన్ పనిలో ఫందా, ముర్రీ అని రెండు ముడులున్నాయి. ఫందా చిన్న గుండ్రని ముడి. ముర్రీ కొంచెం కోలగా, బియ్యపు గింజ ఆకారంలో ఉంటుంది. తెల్ల మల్లు మీద తెల్ల దారంతో, పువ్వు గర్భంలో, ద్రాక్ష గుత్తుల్లో వీటిని నింపుతారు. లక్నో చికన్‌కు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చికన్ కుర్తాల్లో ధర పలికేవి ఈ రెండు ముడులూ నిండుగా, సన్నగా పడినవే.

చైనాలో చింగ్ రాజుల కాలపు (1644–1912) దుస్తుల అంచుల మీద, చేతి సంచుల మీద ఇలాంటి ముడులతోనే పువ్వులకు పువ్వులు నింపేశారు. పాశ్చాత్య వ్యాపారులు దానికి ‘నిషేధించిన కుట్టు’ అని పేరు పెట్టి, ఆడపిల్లల కళ్లు పోతున్నాయని రాజు ఆపించాడని కథ చెప్పి అమ్ముకున్నారు. ఆ ఉత్తర్వు సంగతి ఎలా ఉన్నా, కళ్ల సంగతి కట్టుకథ కాదు. తక్కువ వెలుతురులో గంటల తరబడి ముడులు వేస్తే కళ్లు మండుతాయి, మెడ పట్టేస్తుంది. మగ్గాన్ని కిటికీ పక్కన, వెలుతురు ఎడమ వైపు నుంచి పడేలా వేసుకోవాలి. అలా అయితే కుడిచేతి నీడ ముడి మీద పడదు. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా చూడాలి. హార్స్‌లీ కొండలు కిటికీలోంచి కనిపించే ఇల్లయితే కంటికి అంతకంటే మంచి మందు లేదు.

ఐర్లాండ్‌లోని మౌంట్‌మెల్లిక్ ఊళ్లో 1825 ప్రాంతంలో జొహానా కార్టర్ అనే ఆమె ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టిన తెల్ల కుట్టుపనిలోనూ ముడులదే పెద్దపీట. మందపాటి నూలు గుడ్డ, మందపాటి నూలు దారం, మెరుపు లేదు, రంగు లేదు. అందమంతా ముడి గుడ్డ మీదికి లేచి వేసే నీడలోనే ఉంది.

పట్టు మీద జరీ ముడి

మన వైపు ఈ ముడి పట్టు గుడ్డ మీద, జరీతో వేయడం అలవాటైంది. దానికి కారణం మన చీరలే. మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు పల్లెపల్లెకూ ఉన్నాయి. పట్టుచీరకు తగ్గ జాకెట్ కావాలి. ఆ జాకెట్ మీద ముడులు పడాలి.

నూలు మీద నేర్చిన చేతికి జరీ కొత్తగా అనిపిస్తుంది. జరీ అంటే లోపలి పోగు మీద చుట్టిన సన్నని లోహపు రేకు, లేదా లోహంలా మెరిసే పొర. దాన్ని ఎదురు పురికి తిప్పితే రేకు విచ్చుకుని లోపలి పోగు బయటపడుతుంది. ఎక్కువసార్లు గుడ్డలోంచి లాగితే మెరుపు రాలిపోతుంది. అందుకే జరీకి మూర కంటే చిన్న ముక్కలు తెంపుతారు, చుట్టు ఒక్కటి చాలు అంటారు. రా సిల్క్ మీద గుచ్చిన రంధ్రం పూడదు, తప్పు ముడిని విప్పి సర్దుకుందామంటే మచ్చ ఉండిపోతుంది. కాబట్టి ఎక్కడ పడాలో ముందే తేలాలి. ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని దాని మీద రుద్దితే గుడ్డ మీద చుక్కలు దిగుతాయి. ఒక్కో చుక్కకు ఒక్కో ముడి.

మగ్గం మీద గొలుసు కుట్టుకు వాడేది ఆరీ కొక్కెం. పై చెయ్యి గుచ్చుతుంది, గుడ్డ కింద ఉన్న చెయ్యి దారం అందిస్తుంది. ముడికి వచ్చేసరికి చాలామంది కొక్కెం పక్కన పెట్టి సూది పట్టుకుంటారు. మగ్గం నేర్చినవాళ్లకు ముడి తొందరగా రావడానికి కారణం కూడా ఇదే. కనబడని చేతితో దారాన్ని నడపడం వాళ్లకు ముందే అలవాటు.

ఆషాఢంలో మొదలుపెట్టండి

ఈ పని నేర్చుకోవడానికి మన పంచాంగంలోనే తావుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే టైలర్ల దగ్గర గుడ్డలు గుట్టలు పడతాయి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర అంటే కొత్త రవికల గిరాకీ వేరే. అప్పుడు నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. ముహూర్తాలు లేక మగ్గాలు ఖాళీగా ఉంటాయి, నేర్పే అక్కలూ తీరికగా ఉంటారు.

మొదట పట్టు జోలికి పోవద్దు. పాత నూలు పంచె ముక్కను రింగుకు బిగించి, ముదురు రంగు నూలు దారంతో వరుసగా చుక్కలు పెట్టి ముడులు వేయాలి. వరుస చివర వేసిన ముడి మొదటి ముడిలా కనిపించడమే పరీక్ష. ఒక ముడి బాగా రావడం పెద్ద సంగతి కాదు, అన్నీ ఒకే పరిమాణంలో రావడం సంగతి. అది కుదిరాక వలయంలో నింపడం, తర్వాత పువ్వు నడుమ దట్టంగా మొదలుపెట్టి అంచుకు పోయేకొద్దీ పలచగా చల్లడం. ఇలా దట్టం, పలచన మార్చడంతోనే ఒకే రంగు దారంతో వెలుగునీడలు చూపించవచ్చు. ఆ తర్వాత బులియన్, చివరికి జరీ.

లెక్క రాని పనికి ధర రాదు

యంత్రం వేయలేదు కాబట్టి ముడికి మంచి ధర దానంతటదే వస్తుందనుకుంటే పొరపాటు. తెలుగునాట దానికి సాక్ష్యం నరసాపురం. అక్కడ 1844లో మిషనరీ దంపతులు మెక్రేలు నేర్పిన లేసు అల్లిక గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పాకింది, విదేశాలకు ఎగుమతైంది. సమాజ శాస్త్రవేత్త మారియా మీస్ అక్కడి ఆడవాళ్ల జీవితాన్ని చూసి 1982లో ఒక పుస్తకం అచ్చువేశారు. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకు గంటల తరబడి లేసు అల్లుతున్న ఆ మహిళలను, లోకమూ వర్తకులూ తీరిక వేళ కాలక్షేపం చేసే ఇల్లాళ్లుగానే చూశారని ఆమె తేల్చారు. పనిగా లెక్కలోకి రాలేదు కాబట్టి కూలీ అడుగంటింది. చేతిపని యంత్రానికి లొంగకపోయినా బేరానికి లొంగిపోయింది.

పడమట సండూరు ఇంకో దారి చూపింది. బళ్లారి జిల్లా సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ కుట్టుల్లో ప్రతిదానికీ ఒక పేరు, ఒక నియమం ఉన్నాయి. 2023 జులైలో హంపిలో జి20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా లంబాణీ మహిళల చేతి పనులు 1,755 ఒక్కచోట పరిచి గిన్నిస్ రికార్డు సాధించారు. రికార్డుతో కడుపు నిండదు, నిజమే. కానీ ఎవరు చేశారు, ఎన్ని చేశారు అని ఎవరో కూర్చుని లెక్కపెట్టారు. బి.కొత్తకోట, తంబళ్లపల్లె, ములకలచెరువు చుట్టుపక్కల సుగాలి తండాల్లోనూ అలాంటి చేతులున్నాయి. లెక్కపెట్టేవాళ్లే కరవు.

మగ్గం పనిలో ధర ‘డిజైన్‌కు ఇంత’ అని చెబుతారు. అందులో గుడ్డ ఉంది, పూసలున్నాయి, కుందన్లున్నాయి, షాపు లాభం ఉంది. ముడి ఎక్కడా కనబడదు. కాబట్టి ముడికి విడిగా ఒక లెక్క ఉండాలి, అది నేర్చుకునే రోజుల నుంచే మొదలవ్వాలి. ముడికి పది సెకన్లు అనుకుంటే నిమిషానికి ఆరు, గంటకు 360. దారం ఎక్కించడం, కొసలు దాచడం, కాసేపు నడుం వాల్చడం కలుపుకుంటే వెయ్యి ముడులకు మూడు గంటలు. నిండు మెడ, రెండు చేతుల పని అంటే వెయ్యి ముడులు ఇట్టే దాటుతాయి.

ఆ మూడు గంటలకు ఎంత? కింది హద్దు మన పొలాల్లోనే ఉంది. టమోటా కోతకు పోతే వచ్చే కూలీని పని గంటలతో భాగించండి. రోజుకూలీ 400, పని ఎనిమిది గంటలు అనుకుందాం. గంటకు 50, వెయ్యి ముడులకు 150. కోతకు పోవడానికి శిక్షణ అక్కర్లేదు, ముడికి వారాల సాధన కావాలి, కంటి శ్రమ వేరే. అందుకే 150 అడుగు మాత్రమే, అడగాల్సింది దాని పైన. షాపువాళ్లు అంతకంటే తక్కువ చెబితే ఆ డిజైన్‌ను పక్కనున్న కంప్యూటర్ మిషన్‌కు ఇవ్వమనండి. ముడి ఉన్న చోట అది పనికిరాదని వాళ్లకూ తెలుసు. బిల్లులో పూసలు, జరీ, లైనింగ్ వరుసల కింద ‘చేతి ముడులు’ అని ఇంకో వరుస రాయించి, పక్కన అంకె వేయించండి. బేరం ఆ అంకె దగ్గర మొదలవ్వాలి.